ఆరు వందల లెన్స్ పక్కన పెట్టిన రోజు

అక్టోబరు నెలాఖరు, శుక్రవారం. ఉదయం నాలుగు నలభై. ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ స్టోరు ముందు.

హాజరు: నేను, ఖాజా పాషా, సీనియర్ ఫోటోగ్రాఫర్. స్వప్న, ఫోటోగ్రాఫర్. యాదగిరి, డ్రైవర్. లెన్సులు ఐదు: పదహారు–ముప్పై అయిదు, యాభై, డెబ్బై–రెండు వందలు, మూడు వందలు, ఆరు వందలు. వాటిలో ఇవాళ వాడేవి రెండు. గాలి తూర్పు నుంచి. ఉక్కగా ఉంది.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. మనుషుల పేర్ల కింద లెన్సుల పేర్లు కూడా రాయడం నాకు మొదటి నుంచీ అలవాటు. పనికి వచ్చినవాళ్ళలో అవీ లెక్కే.

కార్ల రేసుల ఫోటోలు తీసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఏ లెన్స్ కొనాలి సార్?” ముప్పై ఒక్క ఏళ్ళు దోహాలో ఈ పని చేసి, ఇప్పుడు అల్ తుమామాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఏడాదికొకటి చొప్పున డైరీలు అలమరలో ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు కోసం వాటిని తిరగేసినప్పుడల్లా నా చెయ్యి ఈ శుక్రవారం దగ్గరే ఆగుతుంది. ఆ రోజు నేను తప్పు లెన్స్ ఇచ్చాను. నా సర్వీసులో నేను చూసిన అన్నింటికంటే గొప్ప ఫోటో కూడా ఆ రోజే పుట్టింది.

చక్రాలు తిరగాలి

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. లెన్స్ మీద అంకె పెరిగినకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుంది, కానీ చూపు ఇరుకవుతుంది. అంకె తగ్గినకొద్దీ చూపు వెడల్పవుతుంది, కానీ మనమే దగ్గరికి వెళ్ళి నిలబడాలి. ఇంతే సిద్ధాంతం. మిగతాదంతా నిలబడటమే.

జగిత్యాలలో స్టూడియో పని నేర్చుకుని ఇక్కడికి ఫోటో ల్యాబ్‌లో పనికి వచ్చాను. నా మొదటి బాస్ సుడాన్ మనిషి, ఉస్తాద్ ఇద్రీస్. నేనే కాదు, ఎవరు తప్పు చేసినా అరిచేవాడు కాదు, ప్రశ్న వేసేవాడు. అది ఇంకా కష్టం. మొదటిసారి నన్ను రేస్ ట్రాక్‌కు పంపినప్పుడు షట్టర్ వేగం ఎంత ఎక్కువ పెట్టగలనో అంత పెట్టి మూడు రీళ్ళు తీశాను. ప్రతి కారూ అద్దంలా వచ్చింది. గర్వంగా ఆయన బల్ల మీద పరిచాను.

ఉస్తాద్ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. “ఖాజా, ఈ కార్లు ఎక్కడ పార్క్ చేశారు?”

నేను మళ్ళీ చూశాను. నిజమే. చక్రాల ఊచలు లెక్కపెట్టుకోవచ్చు. గంటకు రెండు వందల పైన పరుగెడుతున్న బండిని నేను ఆపేశాను.

షట్టర్ నెమ్మది చెయ్యమన్నాడు. కారుతో పాటు నడుము తిప్పమన్నాడు, చేతులు కాదు. వారం రోజులు అన్నీ పాడయ్యాయి. ఎనిమిదో రోజు ల్యాబ్‌లో మందు నీళ్ళ పళ్ళెంలో ఒక ప్రింటు మెల్లగా తేలింది. కారు ముక్కు సూదిలా ఉంది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వెనక గోడ మీది రాతలన్నీ గీతలై పారిపోతున్నాయి. కదలని కాగితం మీద కదలిక! ఎర్ర దీపం కింద నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ రోజు డైరీలో ఒకే మాట ఉంది: “వచ్చింది.”

ఆ ఫోటో డెబ్బై–రెండు వందల లెన్స్‌తో తీసింది. కొత్తవాళ్ళు ముందు కొనుక్కోవలసింది అదే. పెద్ద లెన్సులు పట్టుకుంటే మనం పెద్దవాళ్ళమైనట్టు ఉంటుంది, నాకూ అలాగే ఉండేది. కానీ ఫోటో చూసేవాడికి లెన్స్ కనిపించదు.

కిరణ్ మోకాలు

ఇది రాయడం ఇష్టం లేదు, కానీ రాయకపోతే తర్వాత నేను చేసింది అర్థం కాదు.

మాతో కిరణ్ అని ఒక నేపాలీ ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. ఒక ఎడారి రాలీలో మలుపు దగ్గర వెడల్పు లెన్స్‌తో తీస్తానన్నాడు. కారు ఫ్రేమ్ నిండా వస్తుందని నాకూ ఆశ కలిగింది. పదహారు–ముప్పై అయిదు నేనే నా చేత్తో ఇచ్చాను. అది పట్టుకుంటే మలుపుకు అయిదారు అడుగుల్లో ఉండాలి. కారు జారలేదు, ఏమీ కాలేదు. వెనక చక్రం కింద నుంచి ఒక రాయి లేచింది, అంతే. అతని మోకాలి చిప్ప పగిలింది. మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి ఖాట్మండు వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి ఎడారిలో నేను ఎవరికైనా ఇచ్చేది ఆరు వందలే. దూరంగా ఉండు, పెద్ద లెన్స్‌తో తియ్యి. అది జాగ్రత్త అనుకున్నాను. చాలా ఏళ్ళు జాగ్రత్తగానే పనిచేసింది.

పెళ్ళిళ్ళ స్వప్న

స్వప్నది తెనాలి. భర్త ఇక్కడ ఇంజినీరు. ఫోటోగ్రఫీలో డిగ్రీ చేసి మా కంపెనీలో చేరింది. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలు వేరు, అందులోకి మగ ఫోటోగ్రాఫర్‌ను రానివ్వరు. అందుకని ప్రతి కంపెనీకీ ఒక మహిళ కావాలి. మాకు స్వప్న దొరికింది. పద్నాలుగు నెలలు పెళ్ళికూతుళ్ళనూ వాళ్ళ నగలనూ తీసింది. చాలా బాగా తీసింది. అదే ఆమెకు అడ్డమైంది. రేసులకు పంపమని అడిగినప్పుడల్లా మా మేనేజర్ ఫాదీ మరో పెళ్ళి ఒప్పుకునేవాడు.

ఫాదీది లెబనాన్. కొత్తవాళ్ళకు నిజం చెప్పాలంటే మంచి బాసే. పని తేగలడు, మాట తప్పడు. కానీ ఇసుకలో కాలు పెట్టడు, అక్కడ ఏం జరుగుతుందో తెలియదు.

ఆ నవంబరుతో నా ఉద్యోగం ముగుస్తుంది. నా చోటు ఖాళీ. స్వప్న మళ్ళీ అడిగింది. ఫాదీ నా ఎదురుగానే అన్నాడు:

“ఒక్క శుక్రవారం ఇస్తాను. బూ సాలెం దిబ్బ మీంచి దూకే ఫోటో కావాలి. శనివారం పొద్దున ఆయనే చూడటానికి వస్తాడు. అది వస్తే ఖాజా చోటు నీది. రాలేదా, పెళ్ళిళ్ళే. ఇంకోసారి నన్ను అడగకూడదు.”

“అలాగే సార్. ఇంకోసారి అడగను,” అంది స్వప్న. ఆ మాటను ఆమె గెలిచినా, ఓడినా అనగలదని అప్పుడే అనిపించింది.

బూ సాలెం ఖతరీ పెద్దమనిషి. ఇరవై ఏళ్ళుగా ఎడారి రాలీల్లో తన కారు తానే నడుపుతున్నాడు. దిబ్బ అంచున కారును గాలిలోకి లేపడం ఆయనకు సరదా. ఒక్క క్షణం ఉంటుంది, మళ్ళీ రాదు. ఒక్కసారే దూకుతాడు, ఒక్క ఛాన్సే.

సబ్ఖా

బండిలో యాదగిరి ఏసీ పెంచి ఊరుకోలేదు, నోరు కూడా పెంచాడు. సిరిసిల్ల మనిషి. బర్వా అల్ బరాహాలో, కార్మికుల క్వార్టర్లలో ఉంటాడు. మా కంపెనీకి రాకముందు ట్రైలర్ నడిపాడు.

“మేడం, ఇయ్యాల పెండ్లికొడుకు కారే గదా. బొట్టు పెట్టి తీస్తరా, గట్లనే తీస్తరా?”

“పెళ్ళికొడుకైతే చెప్పినచోట నిలబడి నవ్వుతాడు యాదగిరి గారూ. ఈయన నూట ఇరవైలో వస్తాడు, నవ్వుతాడో లేదో కూడా తెలీదు.”

“నవ్వుతడు, నవ్వుతడు. కింద పడేదాంక అందరు నవ్వుతరు.”

“నోరు మూసుకొని నడుపు,” అన్నాను. స్వప్న చేతులు ఒళ్ళో కెమెరా పట్టీని మెలిపెడుతున్నాయి.

తెల్లవారేసరికి చేరాం. ఎదురుగా పెద్ద ఇసుక దిబ్బ. దాని ముందు సబ్ఖా, అంటే ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడ్డ చదును నేల. ప్రేక్షకులూ ఫోటోగ్రాఫర్లూ దాటకూడని టేపు ఆ నేల ఇవతలి అంచున కట్టారు. నేను ముందే గీసుకున్న ప్రకారం టేపు దగ్గర ఒంటికాలి స్టాండు పాతి ఆరు వందలు బిగించాను. ఆ లెన్స్‌ను యాదగిరి ‘తోప్’ అంటాడు. అది నిజంగా చిన్న ఫిరంగిలాగే ఉంటుంది.

“చూడు,” అన్నాను.

స్వప్న కన్ను ఆనించి, “అమ్మో,” అంది. నాలుగు వందల మీటర్ల అవతల దిబ్బ అంచు నుంచి గాలికి లేస్తున్న ఇసుక, పలచని పొగలాగా, పాయలు పాయలుగా కనిపిస్తుంది అందులో. ముప్పై ఏళ్ళు చూసినా నాకూ ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. గాజు ముక్కల వరుస మనిషి కంటికి ఇంత దూరం నడిచే కాళ్ళిచ్చింది.

ఎనిమిది దాటేసరికి ఎండ ఎక్కింది. రేసు భద్రత చూసే మార్షల్ ఒకతను నాలుగు చక్రాల బైక్ మీద దిబ్బ అంచు దాటాడు. స్వప్న పరీక్షకు పది ఫ్రేములు తీసి, తెర మీద పెద్దవి చేసి చూసుకుంది.

“ఖాజా గారూ, ఇటు చూడండి. మనిషి నీళ్ళ అడుగున ఉన్నట్టున్నాడు.”

“ఫోకస్ తప్పింది. మళ్ళ తియ్.”

“ఫోకస్ కాదండీ. అంచులన్నీ వణుకుతున్నాయి.”

నేను తీశాను. నాదీ వణికింది. ఇంకో పది తీశాను. ఒక్కటి కూడా పదునుగా లేదు.

“ఇదే లెన్స్‌తోని, ఇక్కడ్నే పదేండ్లు తీసిన నేను.”

“అప్పుడు ఎన్నింటికి తీశారండీ?”

నా దగ్గర జవాబు ఉంది, డైరీ సంచిలోనే ఉంది. ఆ దిబ్బ దగ్గరికి కార్లు ఎప్పుడూ ఆరున్నరకే వచ్చేవి. ఈసారి దారి తిప్పారు. బూ సాలెం వంతు తొమ్మిది గంటల పది నిమిషాల తర్వాత. ఆ వేళలు వేసిన కాగితం నాకు నాలుగు రోజుల ముందే అందింది. సమయం చూసి డైరీలో ఎక్కించాను. దాన్ని బట్టి లెన్స్ మార్చాలని మాత్రం తోచలేదు. పద్ధతి ప్రకారం రాసుకునే మనిషి చేసే తప్పు ఇది. రాసుకున్నాక ఆలోచించినట్టే అనుకుంటాడు.

యాదగిరి నీళ్ళ డబ్బా మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. “ఖాజా భాయ్, కోపం జెయ్యకుండ్రి. ఒక మాట చెప్తా.”

“చెప్పు.”

“ఎండల రోడ్డు మీద నీళ్ళున్నట్టు కొడ్తది గదా, గదే ఇది. ఉప్పు నేల మీదికెళ్లి లేస్తున్నది. చిన్న కారుల కూసుంటే బాగ కనవడ్తది. ట్రైలర్ క్యాబిన్ల ఎత్తు మీద కూసుంటే అంత కనవడది. నేను ఆరేండ్లు చూసిన.”

స్వప్న గబుక్కున తల తిప్పింది. పెద్ద దిబ్బకు కుడివైపు, టేపు వంపు తిరిగిన చోట, దానికి ఇవతలే, ఇంకో దిబ్బ ఉంది. ఎత్తు దాదాపు అంతే.

“అక్కడికి వెళ్తానండీ. మధ్యలో ఈ ఉప్పు నేల ఉండదు. పైనుంచి చూస్తాం.”

“అది దగ్గర.”

“టేపు ఇవతలే కదండీ.”

“ఆరు వందలు అక్కడికి ఎక్కువైతది. కారు ముక్క వస్తది, కారు రాదు.”

“అందుకే మూడు వందలు ఇవ్వండి.”

ఇక్కడే ఉంచితే ఫోటో రాదు, ఆమె అవకాశం పోతుంది. అక్కడికి పంపితే, ఏదైనా జరిగితే? మళ్ళీ నా చేతులతో ఇచ్చిన లెన్సే. ఒక నిమిషం కిరణ్ మంచం నా కళ్ళ ముందు ఉంది. తర్వాత టేపు దగ్గరున్న మార్షల్ దగ్గరికి నడిచాను. శ్రీలంక మనిషి. దిబ్బ మీద పచ్చ జెండా ఉందని, దాని వెనక ఉంటే అభ్యంతరం లేదని చెప్పాడు. అయినా నేను వాలును చాలాసేపు చూశాను. కారు అదుపు తప్పితే ఎటు దొర్లుతుంది? రెండు దిబ్బల మధ్య లోతైన గుంట ఉంది. అందులోకే పోతుంది. రాళ్ళు లేవు, మెత్తని ఇసుక. ఇంతకుముందు నేను దూరాన్ని కొలిచేవాడిని. ఆ రోజు మొదటిసారి ప్రమాదాన్ని కొలిచాను. ఆ రెండూ ఒకటి కావు.

“సరే, పో,” అన్నాను. ఎనిమిది నలభై ఎనిమిది.

బానెట్ మీద

లెన్సుల పెట్టె బండిలో ఉంది. యాదగిరి ఇంజిన్ ఆపలేదు, ఏసీ నడుస్తూనే ఉంది. మూడు వందలు బయటికి తీసీ తీయగానే ముందు గాజు పాల మీగడలా తెల్లబడింది.

ఈ దేశంలో కెమెరా పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. చల్లని గదిలో ఉన్న లెన్స్‌ను ఉక్కగాలిలోకి తెస్తే చెమటలు పడుతుంది. అందుకే వాడబోయే లెన్సులను గంట ముందు బయట పెట్టాలి. నేను పెట్టించాను కూడా. వాడేవి రెండే అని జాబితాలో రాసుకున్నాను కాబట్టి రెండే పెట్టించాను.

స్వప్న గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తెల్లబడింది.

“తుడవకు!” అని అరిచాను. “లోపల కూడ పట్టి ఉంటది. వేడెక్కాలె, అంతే.”

“ఎంతసేపండీ?”

“పావుగంట.”

“మనకున్నదే ఇరవై రెండు నిమిషాలు. అందులో దిబ్బ ఎక్కాలి.”

యాదగిరి అప్పటికే తల రుమాలు విప్పి లెన్స్‌కు చుట్టాడు. బండి బానెట్ మీద పెట్టి జొన్నరొట్టె కాల్చినట్టు తిప్పడం మొదలుపెట్టాడు. “మీరు పొండ్రి మేడం. ఇది నా పొయ్యి.”

“నువ్వు ఎక్కు,” అన్నాను నేను. “కెమెరా తీస్కపో. లెన్స్ నేను తెస్త.”

“మీరా? మీ మోకాళ్ళు?”

“వాటికి వచ్చే నెల దాటితే సెలవే. యల్లా, పో!”

ఆమె పరుగెత్తింది. పది నిమిషాలకు గాజు నడుమ ఒక గుండ్రటి చోటు తేటపడింది. యాదగిరి లెన్స్ నా చేతికిచ్చాడు. రుమాలుతో సహా చొక్కా లోపల పెట్టుకుని ఎక్కాను. ఇసుక దిబ్బ ఎక్కడం అంటే రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి. సగం దూరంలో ఊపిరి అందలేదు. దూరంగా, చాలా దూరంగా, తుమ్మెద రొదలా ఇంజిన్ వినిపించింది. మిగతా సగం ఎలా ఎక్కానో డైరీలో లేదు.

పైన స్వప్న పచ్చ జెండా వెనక బోర్లా పడుకుని ఉంది. ఎడారిలో ఇసుక కెమెరా లోపల పడకుండా మేం దిండు గలేబులో చేతులు పెట్టి లెన్స్ మారుస్తాం. ఆమె గలేబు సిద్ధంగా పరిచి ఉంచింది. చేతులు లోపలికి వెళ్ళాయి, టక్ మంది.

“కుడి మూల ఇంకా కొంచెం తెల్లగా ఉందండీ.”

“పోతది. నువ్వు తియ్.”

పక్కనే బోర్లా పడి, ఆమె కెమెరా ఎటు పెట్టిందో చూశాను. ఎదుటి దిబ్బ అంచు ఫ్రేమ్‌లో ఎక్కడో పైన ఉంది. కింద సగానికి సగం ఉత్త ఇసుక వాలు. నా మొత్తం అనుభవం లోపల నుంచి అరిచింది: పైకెత్తు, కారు నిండా తియ్యి, ఇసుక ఎందుకు?

నోరు తెరిచాను.

“ఒక్క నిమిషం మాట్లాడకండి సార్,” అంది, కన్ను తియ్యకుండా.

అంతమంది బాసుల కింద పనిచేశాను. ఆ మాట ఎవరూ అనలేదు. మూసుకున్నాను.

ఇంజిన్ రొద దిబ్బ వెనక నుంచి పెరిగింది. కారు కనిపించదు, చప్పుడే. తర్వాత ఆ చప్పుడు ఒక్కసారి సన్నగా పైకి లేచింది. చక్రాల కింద నేల లేనప్పుడు ఇంజిన్ అలా అరుస్తుంది. అంచు పగిలింది. తెల్లని కారు బయటికి వచ్చింది, వెనక ఇసుక తెర లేచింది. నాలుగు చక్రాల నుంచీ ఇసుక నాలుగు ధారలుగా కారింది.

కారు పైన. దాని నల్లని నీడ కింద, వాలు మీద. రెండింటికీ మధ్య ఏమీ లేదు.

నీడ కారు కంటే ముందే వాలు మీద కిందికి జారిపోతోంది. కారు దాన్ని అందుకోవడానికి దిగుతోంది. ఎంతసేపు? రెప్పపాటు. నాకు మాత్రం నెమ్మదిగా కనిపించింది. అవి రెండూ కలిసిన క్షణం దిబ్బ అదరడం నా పొట్ట కింది ఇసుకలో తెలిసింది. కారు గుంట చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

స్వప్న లేవలేదు. “చూడటానికి భయంగా ఉందండీ. మీరు చూడండి.”

తెర మీద పదకొండు ఫ్రేములు. ఆరోది దగ్గర నా వేలు ఆగింది.

నేను అన్నేళ్ళూ ఎగిరే కారును కింద నుంచి, ఆకాశం మీద తీశాను. కారు కడుపు, నీలం ఆకాశం. ఆకాశం మీద ఉన్న కారు నేలకు జానెడు ఎత్తులో ఉందో, తాటిచెట్టంత ఎత్తులో ఉందో ఎవరు చెప్పగలరు? ఎత్తును చూపించేది నీడ. అది నా ఫ్రేమ్‌లోకి ఎప్పుడూ రాలేదు, నా లెన్స్ దానికి చోటివ్వలేదు. ఈ ఫోటోలో నేల ఉంది, నీడ ఉంది, ఆ రెండింటినీ వదిలిపెట్టిన కారు ఉంది. మూలన మిగిలిన పల్చని తెలుపు కూడా రేగిన ఇసుకలో కలిసిపోయింది. సుబ్హానల్లాహ్ అని దేవుణ్ణి తలుచుకున్నాను.

రొప్పుతూ యాదగిరి కూడా పైకి వచ్చి తొంగి చూశాడు. “అబ్బో! నీడను ఇడిసిపెట్టి పోయిండు గదా భాయ్!”

అప్పుడు స్వప్న లేచి చూసింది. చూసి, ఇసుకలో కూర్చుండిపోయి, గలేబుతో మొహం తుడుచుకుంది.

కొత్తవాళ్ళు ఏ లెన్స్ అని అడిగితే ఇప్పుడు నేను తిరిగి అడుగుతాను: ఏం చూపించాలి? ఎక్కడ నిలబడితే అది కనబడుతుంది? ఆ రోజు ఎండ ఎన్నింటికి? ఈ మూడూ చెప్పగలిగినవాడికి లెన్స్ పేరు నేను చెప్పక్కర్లేదు. చెప్పలేనివాడికి ఆరు వందలు ఇచ్చినా దండగే. నాకు ఇచ్చారు కదా.

మర్నాడు ఉదయం

శనివారం, ఎనిమిది. ఫాదీ గదిలో పెద్ద తెర ముందు ఫాదీ, స్వప్న, నేను.

ఫాదీ కాఫీ కప్పు పెదవుల దాకా తెచ్చి అక్కడే ఆపాడు. “ఏ లెన్స్?”

“మూడు వందలు,” అన్నాను. “నేను ఇచ్చింది ఆరు వందలు, కింద ఉప్పు నేల మీద. ఈమె నా మాట విని ఉంటే ఇవాళ మీకు చూపించడానికి ఏమీ ఉండేది కాదు.”

ఫాదీ నా వైపు వింతగా చూశాడు. తర్వాత గడ్డం గోక్కున్నాడు. “ఫోటో చాలా బాగుంది. కానీ వచ్చే నెలకు మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఆడవాళ్ళ హాల్లోకి ఖాజాను పంపలేను కదా.”

స్వప్న తెర ముందు నుంచి ఫాదీ వైపు తిరిగింది. “ఆ మూడూ నేనే చేస్తాను సార్. నాలుగోది ఒప్పుకోకండి. ఆలోగా ఇంకొకరిని వెతకండి.”

ఫాదీ జవాబు చెప్పేలోగా ఊద్ అత్తరు వాసన గదిలోకి వచ్చింది. వెనకే తెల్లని థోబ్‌లో, పాదాల దాకా ఉండే అంగీలో, బూ సాలెం. సలాం చెప్పి, కూర్చోబోతూ తెర వైపు చూశాడు. కూర్చోలేదు. దగ్గరికి నడిచి, చక్రానికీ నీడకీ మధ్య ఖాళీలో బొటనవేలూ చూపుడువేలూ చాపి పెట్టాడు.

“ఇది నేనా?” అని అరబ్బీలో అడిగాడు.

“మీరే,” అన్నాడు ఫాదీ.

“వల్లా, లోపల ఉంటే ఇంత తెలియదు. కడుపులో ఒక్కసారి ఖాళీగా అవుతుంది. అంతే అనుకున్నాను ఇన్నాళ్ళూ.” వేళ్ళు తియ్యకుండానే నా వైపు తిరిగాడు. “ఖాజా, నువ్వేనా?”

“కాదు. ఈమె.”

బూ సాలెం స్వప్న వైపు తిరిగి, కుడిచెయ్యి తన గుండె మీద ఆనించి తల వంచాడు. ఇక్కడి మగవాళ్ళు పరాయి ఆడవాళ్ళకు చెయ్యి కలపకుండా గౌరవం చూపించే తీరు అది. “వచ్చే రేసుకు ఈమే రావాలి,” అన్నాడు ఫాదీతో.

ఫాదీ లేచి గోడ మీది డ్యూటీ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. వచ్చే రేసు ఎదురుగా ఉన్న నా పేరు చేత్తోనే చెరిపి, స్వప్న పేరు రాశాడు. పెళ్ళిళ్ళ వరుసలో మూడో దాని కింద ఒక గీత గీశాడు. స్వప్న కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. నేను ఆ బోర్డు మీద నా పేరు లేకుండా ఎప్పుడూ చూడలేదు. అంత బాధగా ఏమీ అనిపించలేదు.

“ఇది గోడంత చేసి ఇవ్వు ఫాదీ,” అన్నాడు బూ సాలెం. “మజ్లిస్‌లో, వచ్చిన అతిథులందరికీ కనిపించేలా పెడతాను.”

“ఇంట్లోకి చిన్నది కూడా ఒకటి పంపమంటారా?”

“లా, లా!” ఇరవై ఏళ్ళుగా దిబ్బలు దూకుతున్న మనిషి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “మా అమ్మ చూసిందంటే కారు తాళాలు ఆ రోజే తీసుకుంటుంది. మజ్లిస్ మగవాళ్ళది, అక్కడికి ఆమె రాదు.”

గుమ్మం దాటబోతూ మళ్ళీ వెనక్కి వచ్చి, ఇంకోసారి ఆ ఖాళీని వేళ్ళతో కొలుచుకుని వెళ్ళాడు.